పట్టునూలు ఇంట తెలుగు పాట

పూర్వికుల స్వస్థలం గుజరాత్. జీవించినది తమిళదేశంలో. కృతులు రచించినది ప్రధానంగా తెలుగులోను, సంస్కృతంలోను. ఇంట మాట్లాడినది మాత్రం వీటిలో ఏ భాషా కాదు. గుజరాతీకి దగ్గర బంధువై, దక్షిణాది భాషల నీటిని త్రాగి పెరిగిన సౌరాష్ట్ర భాష. ఇన్ని దేశాల మట్టి ఒక్క మనిషిలో కలిసిన ఆ వాగ్గేయకారుని పేరు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్. త్యాగరాజస్వామి ముఖ్యశిష్యులలో ఒకరు. త్యాగయ్యగారి కృతులు, జీవిత విశేషాలు మనదాకా వచ్చాయంటే అందులో ఆయన చేతివ్రాతకు పెద్ద భాగం ఉంది. అయినా నేటి తెలుగు పాఠకులలో ఆయన పేరు విన్నవారు తక్కువ.

సూరత్ జిల్లాలోని పల్సానా, కడోదరా ప్రాంతాలలో ఈనాడు బట్టల అద్దకం, ముద్రణ మిల్లులు బారులు తీరి కనిపిస్తాయి. సూరత్ నగరంలో పవర్‌లూమ్‌ల మధ్య తెలుగు మాట వినిపించడం కొత్తేమీ కాదు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. మగ్గం పట్టిన తెలుగువారు గుజరాత్‌కు వెళ్ళారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మగ్గం పట్టిన గుజరాత్ వారు దక్షిణానికి వచ్చారు. అలా వచ్చినవారి సంతతిలో ఒకడు తెలుగు పాటకు ఏమి చేశాడో తెలుసుకోవడం, ఇక్కడివారికీ అక్కడివారికీ కూడా అవసరమే.

లాటదేశపు పట్టుసాలెలు

మధ్యప్రదేశ్‌లోని మంద్‌సోర్‌లో ఒక సంస్కృత శాసనం లభించింది. వత్సభట్టి అనే కవి రచించిన పద్యశాసనమది. లాటదేశం నుంచి పట్టునేత పనివారి శ్రేణి ఒకటి దశపురానికి, అంటే నేటి మంద్‌సోర్‌కు తరలివచ్చిందనీ, క్రీస్తుశకం 437 ప్రాంతంలో సూర్యదేవాలయం కట్టించిందనీ, 473 ప్రాంతంలో దానిని బాగుచేయించిందనీ అందులో ఉంది. లాటదేశమంటే స్థూలంగా నేటి దక్షిణ గుజరాత్. భరూచ్, సూరత్, నవసారి పరిసరాలు. కొత్త ఊరిలో ఆ శ్రేణివారు కొందరు విలువిద్య నేర్చారట, కొందరు కథలు చెప్పడంలో ఆరితేరారట, కొందరు జ్యోతిషులయ్యారట. మిగిలినవారు మగ్గాన్నే నమ్ముకున్నారట. వలస వెళ్ళినవాడు తన వృత్తితో పాటు కొత్త విద్యలను కూడా చేపడతాడన్న సత్యాన్ని ఇంత సూటిగా చెప్పిన ప్రాచీన శాసనాలు అరుదు.

దక్షిణాదిలోని సౌరాష్ట్రులు ఈ శ్రేణి సంతతివారేనని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. పండితులందరూ దీనిని అంగీకరించరు. ఏమైనా, పట్టునేత వృత్తిగా గల ఈ సమాజం గుజరాత్ ప్రాంతం నుంచి బయలుదేరి, దేవగిరి మీదుగా విజయనగర రాజ్యం చేరి, అక్కడి నుంచి మధుర, తంజావూరు సీమలకు సాగిందని వారి సంప్రదాయం చెబుతోంది. తమిళులు వారిని పట్టునూల్‌కారర్ అన్నారు. తెలుగులో పట్టునూలువారు.

వారి భాషే ఆ ప్రయాణానికి సాక్ష్యం. మూలం ఇండో ఆర్య కుటుంబానిది. అందులో మరాఠీ పలుకులున్నాయి, కన్నడ, తమిళ పదాలున్నాయి, తెలుగు మాటలు మరీ విస్తారంగా ఉన్నాయి. తెలుగు రాజుల నీడలో చాలాకాలం బ్రతికిన ప్రజ నోట తెలుగు నిలిచిపోవడంలో ఆశ్చర్యం లేదు. తమిళ చలనచిత్ర గాయకుడిగా దేశమంతటా పేరుపొందిన టి.ఎం. సౌందరరాజన్ (1922–2013) మధురలోని ఇటువంటి సౌరాష్ట్ర కుటుంబంలోనే జన్మించారు.

తులసీదళాలు తెచ్చిన శిష్యుడు

వెంకటరమణ భాగవతార్ 1781 ఫిబ్రవరి 18న అరియలూరులో జన్మించారు. తరువాత వారి కుటుంబం తంజావూరుకు తూర్పున గల అయ్యంపేటలో నివసించింది. అది సౌరాష్ట్ర పట్టుసాలెలు ఎక్కువగా ఉన్న ఊరు. అక్కడికి కొన్ని క్రోసుల దూరంలో, కావేరీతీరాన, తిరువయ్యారు. అక్కడ త్యాగయ్యగారు.

త్యాగరాజస్వామి 1767లో జన్మించారు. శిష్యుని కంటే 14 సంవత్సరాలు పెద్ద. ఆయన వంశం కూడా తెలుగుసీమ నుంచి వలస వచ్చినదే. ఇంటిపేరైన కాకర్ల అక్కడి ఒక గ్రామం పేరు. కనుక గురువు ఇంట ఒక వలస ఉన్నది, శిష్యుని ఇంట మరొక వలస ఉన్నది. ఒకరి పూర్వికులు కృష్ణకు దక్షిణాన గల పల్లె నుంచి, మరొకరి పూర్వికులు తపతీ నర్మదల దేశం వైపు నుంచి బయలుదేరి కావేరి ఒడ్డున కలుసుకున్నారు. కలిపిన భాష తెలుగు.

శిష్యుడుగా చేరిన తొలిరోజులను గూర్చి సంగీత లోకంలో ఒక కథ వాడుకలో ఉంది. వెంకటరమణ ప్రతిభ మొదట ఎవరికీ కనిపించలేదట. ఆయన అయ్యంపేట నుంచి నడిచి వచ్చి, గురువుగారి పూజకు పూలు, తులసీదళాలు అందించి, మిగిలిన శిష్యులు పాఠం చెప్పించుకుంటుంటే ఒక ప్రక్క కూర్చుని వినేవాడట. ఈ సేవను చాలాకాలం గమనించిన త్యాగయ్యగారు ఒకనాడు దగ్గరకు పిలిచి స్వయంగా పాఠం మొదలుపెట్టారట. కథలోని ప్రతి వివరాన్ని చరిత్రగా తీసుకోనవసరం లేదు. కాని వేదవిద్యా సంపన్నుల పిల్లలు నిండిన ఆ గురుకులంలో పట్టునూలు కులానికి చెందిన యువకుడు ముందువరుసకు రావడం మామూలు సంగతి కాదన్నది ఆ కథ మనకు గుర్తుచేస్తుంది.

గురువుగారి కుమార్తె వివాహానికి వెంకటరమణ ఒక శ్రీరాముని చిత్రపటాన్ని మోసుకుంటూ కాలినడకన వచ్చాడనీ, దానిని చూసి, రాముడే తన ఇంటికి నడిచి వచ్చినట్లు పులకించిన త్యాగయ్య మోహన రాగంలో ఒక కృతిని ఆశువుగా పాడారనీ మరొక గాథ. ఆ కృతిని నేటికీ ప్రతి కచేరీ శ్రోతా ఎరుగును. దానిని వింటున్నప్పుడు పటం మోసుకొచ్చిన మనిషిని తలచుకునేవారు తక్కువ.

పరాయిగడ్డ అంటే ఏది?

సముద్రం దాటితేనే విదేశం అనుకోవడం మనకు అలవాటు. అదే కాలంలో ఐరోపాలో ప్రసిద్ధుడైన షోపాన్ 1830లో పోలండ్ విడిచి వెళ్ళి, 1849లో పారిస్‌లో మరణించేవరకు మళ్ళీ స్వదేశం చూడలేదు. పారిస్‌లో కూర్చుని తన దేశపు పల్లె నృత్యమైన మజుర్కాను పియానో మీద పలికించారు. దూరదేశంలో ఉన్న సంగీతకర్త తన ఊరిని తలచుకుని రచించడం అందరికీ సులభంగా అర్థమయ్యే సంగతి.

వెంకటరమణ భాగవతార్ విషయం అలాంటిది కాదు. ఆయనకు తిరిగి వెళ్ళవలసిన ఊరంటూ లేదు. పూర్వికుల గుజరాత్ శతాబ్దాల దూరంలో ఉండిపోయింది. పుట్టిన ఊరే ఆయన ఊరు. కాని ఆ ఊరి వీధిభాష తమిళం, ఇంటి భాష సౌరాష్ట్రం. మరి తెలుగు ఎందుకు?

తంజావూరును 16వ శతాబ్దం నుంచి 1673 వరకు తెలుగు నాయకరాజులు ఏలారు. తరువాత వచ్చిన మరాఠా రాజులు మరాఠీని తెచ్చినా తెలుగును పోషించడం మానలేదు. నాటకం, యక్షగానం, పదం, వర్ణం అన్నీ ఆ ఆస్థానంలో తెలుగులో నడిచాయి. సంగీతం నేర్చుకున్నవారికి తెలుగు మాట తప్పనిసరి అయింది. తమిళదేశంలో పుట్టిన శ్యామశాస్త్రి (1762–1827), ఆయన కుమారుడు సుబ్బరాయశాస్త్రి (1803–1862), అటు తరువాత పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ (1845–1902) ప్రధానంగా తెలుగులోనే కృతులు కట్టారు. కనుక వెంకటరమణ భాగవతార్ తెలుగులో రచించడం వింత కాదు. ఆ తెలుగు ఆయనకు రాజాస్థానం ద్వారా కాక గురువు నోట, గురువు ఇంట లభించింది. విశేషం ఇక్కడే ఉంది. త్యాగయ్య రాజాశ్రయాన్ని కాదన్న వ్యక్తి. ఆయన శిష్యులకు దొరికినది ఆస్థానపు తెలుగు కాదు. దేవుని ముందు కూర్చుని మాట్లాడుకునే తెలుగు.

భాగవతార్ కృతులు, వర్ణాలు రచించారు. సంస్కృతంలో గురుస్తుతి చేశారు. గురువును వ్యాసునితో, వాల్మీకితో, శుకునితో, ప్రహ్లాదునితో, నారదునితో పోల్చిన ఒక ప్రసిద్ధ శ్లోకం ఆయన పేరు మీదనే ఉన్నది. త్యాగయ్యను స్మరించే సభలలో దానిని ఇప్పటికీ చదువుతారు. వీటితోపాటు ఇంటి భాష అయిన సౌరాష్ట్రంలో కూడా రచించారు. గురువు భాష చేపట్టినందుకు తల్లి భాషను వదులుకోలేదు. ఇది గమనింపదగిన విషయం.

వ్రాసి ఉంచినవాడు

త్యాగయ్యగారి కృతులు నేడు సుమారు 700 లభిస్తున్నాయి. ఆయన తన కృతులను అచ్చువేయించలేదు. పూజలో కూర్చుని పాడేవారు. శిష్యులు విని నేర్చేవారు, తాటాకులపైనో కాగితంపైనో వ్రాసుకునేవారు. 1847 జనవరి 6న ఆయన సిద్ధిపొందారు. 12 సంవత్సరాల తరువాత, 1859లో వీణ రామానుజయ్య ప్రచురించిన సంగీత సర్వార్థసార సంగ్రహంలో కొన్ని కృతులు అచ్చుకెక్కాయి. అంతవరకు పాటకు ఆధారం జ్ఞాపకమే, చేతివ్రాతే.

శిష్యులలో మూడు పాఠపరంపరలు ముఖ్యమైనవని సంగీతజ్ఞులు చెబుతారు. తిల్లస్థానం వారిది ఒకటి, ఉమయాళ్‌పురం వారిది ఒకటి, వాలాజాపేట వారిది ఒకటి. ఒకే కృతికి సంగతులలో, చరణాలలో, ఒక్కొక్కచోట రాగంలో కూడా తేడాలు కనిపించినప్పుడు, ఈ పరంపరలు ఏమంటున్నాయని అడగడం ఆచారం. నోటిమాటగా సాగే విద్యలో ఒక్క స్వరం మారితే సరిచూసుకునే మూలం ఉండదు. మూలం ఉండాలంటే ఎవరో ఒకరు ఓపికతో కూర్చుని వ్రాయాలి.

వాలాజాపేటలో ఆ పని జరిగింది. భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ త్యాగయ్యగారి కృతులను సేకరించి భద్రపరచారు. కృష్ణస్వామి కూడా బాల్యంలో త్యాగయ్యగారిని దర్శించి, ఆయన వద్ద నేర్చినవారే. తండ్రీకొడుకులు గురువుగారి జీవితచరిత్రను కూడా సంగ్రహంగా వ్రాసి ఉంచారు. త్యాగయ్యను ప్రత్యక్షంగా ఎరిగినవారు వ్రాసినవి కావడం చేత తరువాతి చరిత్రకారులందరికీ అవి మొదటి మెట్టు అయినాయి. ఈ వ్రాతప్రతులు వాలాజాపేట ప్రతులుగా ప్రసిద్ధికెక్కి, తరువాత మధురలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. ఆచార్య పి. సాంబమూర్తి వంటి పరిశోధకులు వాటిని పరిశీలించి లోకానికి తెలియజేశారు.

ఆలోచించి చూడండి. తెలుగువారు తమ సంగీతానికి తలమానికమని చెప్పుకునే వాగ్గేయకారుని సంపదలో ఒక ముఖ్యభాగాన్ని కాపాడింది తెలుగునాట ఉన్న ఏ సంస్థానమో, ఏ పీఠమో కాదు. తమిళదేశంలో గుజరాత్ మూలాలు గల పట్టుసాలెల ఇల్లు. ఆ ఇంటి అటకమీద కాగితాలు చెదలు పట్టిపోయి ఉంటే, మనకు ఏ కృతులు దక్కేవో, ఏవి పోయేవో ఎవరూ చెప్పలేరు.

వాలాజాపేట నుంచి మైసూరుకు, బరోడాకు

భాగవతార్ తరువాతి జీవితం ఆర్కాటు సమీపంలోని వాలాజాపేటలో గడిచింది. నవాబు మహమ్మదలీ వాలాజా పేరు మీద వెలసిన ఆ పట్టణం నేతకు, వర్తకానికి పేరుపడినది. 1866లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన తొలి పురపాలక సంఘాలలో ఒకటి అక్కడిదే. పేట పేరే భాగవతార్‌కు ఇంటిపేరైంది.

1839 ప్రాంతంలో త్యాగయ్యగారు కాంచీపురం, తిరుపతి, మద్రాసు యాత్ర చేసినప్పుడు వాలాజాపేటకు కూడా వచ్చారు. శిష్యుడు గురువుకు ఊరేగింపుతో స్వాగతం పలికాడనీ, ఆ సందర్భంలో భాగవతార్ శిష్యుడైన సదాశివరావు తోడి రాగంలో కృతి రచించాడనీ ప్రతీతి. ఈ సదాశివరావు మన చిత్తూరు దగ్గర గిరింపేటకు చెందిన మరాఠీ కుటుంబీకుడు. తరువాత మైసూరు చేరి, మూడవ కృష్ణరాజ ఒడెయరు ఆస్థానంలో విద్వాంసుడై, మైసూరు సదాశివరావుగా కీర్తి గడించాడు. ఆయన కృతులు కూడా తెలుగు, సంస్కృతాలలోనివే. కన్నడ రాజ్యంలో, మరాఠీ ఇంటివాడు, గుజరాత్ మూలాల గురువు వద్ద నేర్చి, తెలుగులో పాడాడు!

సదాశివరావు శిష్యులలో ఒకరు వీణ శేషణ్ణ (1852–1926). ఆయన దేశంలోని అనేక ఆస్థానాలలో వీణ వినిపించారు. బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గైక్వాడ్ ఆయన వాదనకు ముగ్ధుడై పల్లకీని బహూకరించారంటారు. అదే బరోడాలో 1886లో మౌలాబక్ష్ అనే విద్వాంసుడు మహారాజు అండతో సంగీత పాఠశాల నెలకొల్పారు. ఉత్తరాది వాడైన మౌలాబక్ష్ కూడా అంతకుముందు మైసూరు వెళ్ళి కర్ణాటక సంగీతం అభ్యసించినవాడే. గుజరాత్ నుంచి నూలుతో పాటు దక్షిణానికి నడచిన ఒక సమాజపు సంగీతం, మూడవ తరం శిష్యుని వీణ మీద మళ్ళీ గుజరాత్ గడ్డపై పలికిందన్నమాట.

మరుగున పడిన కృతులు

వెంకటరమణ భాగవతార్ 1874 డిసెంబరు 15న కీర్తిశేషులయ్యారు. 93 సంవత్సరాల నిండు జీవితం. గురువు గతించాక 27 ఏళ్ళు జీవించి, ఆ పాఠాన్ని మరొక తరానికి అందించారు. సౌరాష్ట్ర సమాజంలో వాగ్గేయకారుల వరుస అక్కడితో ఆగలేదు. మధురలో నటనగోపాల నాయకి స్వామి (1843–1914) సౌరాష్ట్రంలోను, తమిళంలోను భక్తిగీతాలు పాడి ఆ సమాజానికి పూజ్యుడైనారు.

ఇంత చేసిన భాగవతార్ స్వంత రచనలు మాత్రం కచేరీలలో అరుదుగా వినిపిస్తాయి. గురువు వెలుగులో శిష్యుని దీపం కనిపించకపోవడం లోకంలో ఉన్నదే. గురువు పాటను చెడకుండా నిలబెట్టడమే తన పనిగా పెట్టుకున్నవారికి తమ పాటను చాటుకునే తీరిక ఎక్కడిది? అయితే లోపం ఆయనది కాదు, మనది. తెలుగులో రచించినందున ఆయన తెలుగువాడు కాడా? తెలుగు సంగీత చరిత్రలో ఆయనకు ఒక పేరా కేటాయించి, త్యాగరాజ శిష్యుడని ముగిస్తే సరిపోతుందా? ఆ కృతులను పరిష్కరించి, స్వరపరచి, విద్యార్థులకు నేర్పవలసిన బాధ్యత తమిళుల కంటే, సౌరాష్ట్రుల కంటే మనకే ఎక్కువ.

మరొక మాట. సూరత్‌లో నగరపాలక సంస్థ పాఠశాలలు గుజరాతీతో పాటు తెలుగుతో సహా పలు భాషలలో నడుస్తున్నాయి. తెలుగు మాధ్యమంలో అక్షరాలు దిద్దే పిల్లలకు వీధిలో గుజరాతీ, హిందీ వినిపిస్తాయి. ఇంట తెలుగు వినిపిస్తుంది. రెండు తరాల తరువాత ఆ ఇంట ఏ భాష మిగులుతుందని పెద్దలు బెంగపడటం సహజం. పరాయిచోట ఉన్నవాడు ఇంటి మాటను వదిలేస్తే తప్ప అక్కడివాడు కాలేడని కొందరు, చుట్టుప్రక్కల భాషకు తలుపు మూస్తే తప్ప ఇంటి మాట నిలవదని కొందరు అంటారు. రెండూ నిజం కావని అయ్యంపేట పట్టుసాలె బిడ్డ తన జీవితంతో చూపించాడు. ఇంట సౌరాష్ట్రం మాట్లాడాడు, వీధిలో తమిళం విన్నాడు, తెలుగులో కృతి కట్టాడు, సంస్కృతంలో గురువుకు నమస్కరించాడు. ఒక భాష మరొకదానికి అడ్డు రాలేదు.

అయితే ఆయన చేసిన ఇంకొక పనిని మరువరాదు. విన్నదానిని వ్రాసి ఉంచాడు. పల్సానా మిల్లుల వద్దనో, సూరత్ మగ్గాల వీధులలోనో ఉన్న తెలుగు ఇళ్ళలో అవ్వలు పాడే బతుకమ్మ పాటలున్నాయి, మార్కండేయుని కథలున్నాయి, మగ్గంపని మాటలున్నాయి. వాటిని ఒక నోటుపుస్తకంలో ఎక్కించేవాడు ప్రతి వీధికీ ఒక్కడుంటే చాలు. వాడు పండితుడు కానక్కరలేదు. ఒక ప్రక్క కూర్చుని, ఓపికగా వినగలవాడైతే చాలు.